పెరటి తలుపు

ఉట్నూర్,
నవంబర్ మొదటి వారం.

చిన్నీకి పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ మూడుసార్లు చదివాను. రెండు నెలలు నడిచినా అర కిలో కూడా తగ్గలేదని, ఇక నీ వల్ల కాదని, మానేస్తున్నానని రాశావు. కింద ఏడుపు బొమ్మ పెట్టావు. ఫోన్‌లో మాట్లాడుకుంటే పక్కన ఎవరో వింటారని నువ్వు సగం మింగేస్తావు, చెప్పాలనుకున్నది నేను సగం మర్చిపోతాను. అందుకే ఉత్తరం రాస్తున్నా. కరీంనగర్ బస్సు కార్గోలో పంపుతాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఒకటి అడుగుతాను. ఎండాకాలం పోయినప్పటి నుంచి ఆగస్టు దాకా నీకు డేట్ రాలేదు. నడక మొదలుపెట్టింది ఆగస్టు చివర్లో. సెప్టెంబర్ ఆఖర్లో వచ్చింది, మళ్లీ ముప్పై ఎనిమిది రోజులకు మొన్న వచ్చింది. ఈ సంగతి నువ్వు చెప్పలేదు, మీ అమ్మ చెప్పింది. అదంతా నడక పుణ్యమేనని ఒట్టేసి చెప్పను, డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలూ ఉన్నాయి కదా. కానీ రోజూ కాటా ఎక్కి జోకి చూసుకున్న పిల్లవు, క్యాలెండర్ వైపు ఒక్కసారి కూడా చూడలేదేం?

నేను పీఈటీగా పనిచేసిన ఇరవై తొమ్మిదేళ్లలో ఒక పిల్ల ముఖం నన్ను వదలదు. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల, ఆ పిల్ల తొమ్మిదో తరగతి. కొంచెం ఒళ్లున్న పిల్ల. పొద్దున బోరింగ్ దగ్గర మిగతావాళ్లంతా ముఖాలు కడుక్కుని ప్రేయర్‌కు పోతుంటే తను మాత్రం కొబ్బరిపీచు పట్టుకుని మెడ వెనక తోముకుంటూ కూర్చునేది. మెడ మడతల్లో నల్లగా, చేత్తో తాకితే మఖ్మల్ గుడ్డలా మందంగా ఉండేది. తోటిపిల్లలు మట్టి అని ఎగతాళి చేసేవాళ్లు. పెద్దవాళ్లు కూడా "రోజూ తానం చెయ్యవా" అని గద్దించేవాళ్లు. కమిలి ఎర్రబడేదాకా తోముకునేది, రక్తపు చుక్క కనిపించిన రోజూ ఉంది. అది మట్టి కాదని, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం అలా మారుతుందని అప్పుడు నాకు తెలియదు. తెలియనితనాన్ని క్షమించుకోగలను. క్షమించుకోలేనిది వేరే ఉంది. ఖోఖో జట్టు కట్టేటప్పుడు ఆ పిల్లను పక్కకు పిలిచి, చేతికి నోటుబుక్ ఇచ్చి, నువ్వు స్కోరు రాయి అన్నాను. పరుగెత్తితే ఆయాసపడుతుంది, నలుగురిలో నవ్వులపాలవుతుంది, నేను కాపాడుతున్నాను అనుకున్నాను. పదో తరగతి అయిపోయేదాకా ఆ పిల్ల సున్నపు గీతకు అవతలే నిలబడింది.

చాలా ఏళ్లకు ఉట్నూర్ బస్టాండ్‌లో ఎదురై, నన్ను గుర్తుపట్టి కాళ్లు మొక్కింది. చంకలో పిల్లాడు, చెయ్యి పట్టుకుని ఇంకో పిల్ల. పెళ్లయిన నాలుగేళ్లకు ఆదిలాబాద్‌లో డాక్టరుకు చూపించుకుంటే నీకు చెప్పినట్టే పీసీఓఎస్ అన్నారట. మందులిచ్చి, రోజూ చెమట పట్టేదాకా నడవమన్నారట. నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది. మాటల మధ్యలో, "అప్పుడే నన్ను గూడ ఆడనిస్తే మంచిగుండు గద మేడం" అంది. నవ్వుతూనే అంది. నా నోట మాట రాలేదు. ఇవాళ నీకు ఈ ఉత్తరం రాస్తుంటే ఆ గొంతే చెవిలో ఉంది. ఇప్పుడు నిన్నెవరూ పక్కన నిలబెట్టలేదు. నీ అంతట నువ్వే గీత దాటి అవతలికి పోతానంటున్నావు. పోనివ్వను.

నీ స్కానింగ్ కాగితంలో రాసిన బుడగల గురించి భయపడుతున్నావని తెలుసు. అందరూ నీటిబుడగలు అంటారు గానీ అవి బుడగలూ కావు, గడ్డలూ కావు. పక్వానికి రావలసిన అండాల సంచులు ఎదుగుదల సగంలో ఆగిపోయి, చిన్నచిన్నగా అక్కడే ఉండిపోయాయి, అంతే. నీ వయసు పిల్లల్లో చాలామందికి ఏ జబ్బూ లేకపోయినా స్కానింగ్‌లో అలా కనిపిస్తాయి. అందుకే పెద్దమనిషైన ఎనిమిదేళ్ల దాకా ఒక్క స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదంటారు. నీ విషయంలో డాక్టరమ్మ తేల్చింది స్కానింగ్ చూసి కాదు. నెలలు తప్పడం చూసింది, గడ్డం కింద వెంట్రుకలు చూసింది, రక్తపరీక్షలు రాసింది. సరిగానే చూసింది, ఆమె మాట విను. 1935లో చికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్లను పరీక్షించి దీని గురించి రాశారు. అప్పటినుంచి పేరు అండాశయం మీద పడిపోయింది. అసలు గొడవ మాత్రం చాలామందిలో ఇన్సులిన్ దగ్గర మొదలవుతుంది.

అదెట్లాగో మా పిల్లలకు చెప్పినట్టే నీకూ చెప్తాను. అన్నం తింటే రక్తంలోకి చక్కెర వస్తుంది. దాన్ని ఎక్కువగా వాడుకునేవి మన కండరాలు. ఇన్సులిన్ వెళ్లి కండరం ముందు తలుపు తడితే, అది తలుపు తీసి చక్కెరను లోపలికి తీసుకోవాలి. నీ ఒంట్లో కండరానికి ఆ చప్పుడు సరిగా వినిపించడం లేదు. అందుకని ఒళ్లు ఇంకా ఇంకా ఇన్సులిన్ చేసి పంపిస్తుంది. అలా ఎక్కువైన ఇన్సులిన్ ఊరికే ఉండదు. అండాశయం దగ్గరికి పోయి మగ హార్మోను ఎక్కువ చేయిస్తుంది. టెస్టోస్టిరాన్ ప్రతి ఆడదాని ఒంట్లోనూ కొంచెం ఉండేదే. దాన్ని కట్టిపడేసే ప్రొటీన్ ఒకటి కాలేయంలో తయారవుతుంది, ఈ ఇన్సులిన్ దాన్నీ తగ్గిస్తుంది. మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, అండం ఎదగకపోవడం, డేట్ తప్పడం అన్నీ ఆ దారినే వస్తాయి.

ఇక్కడే నీకు తెలియాల్సింది ఉంది. కండరానికి పెరటి తలుపు ఒకటి ఉంది. కండరం గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ తట్టేదాకా ఆగదు. లోపల దాచుకున్న గ్లూట్-4 అనే వాహకాలను తనే గోడ దగ్గరికి పంపించి, చక్కెరను తనే లాక్కుంటుంది. పని ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ముందు తలుపు చప్పుడు దానికి బాగా వినిపిస్తుంది. ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది, అండాశయం మీద ఒత్తిడి తగ్గుతుంది. దీనికి బరువు తగ్గి తీరాలనే షరతు లేదు. కాటా మీద ముల్లు కదలకపోయినా నువ్వు నడిచిన ప్రతి పొద్దున ఆ తలుపు తెరుచుకునే ఉంది. బరువు తగ్గితే ఇంకా మంచిదే, ఉన్నదాంట్లో నూటికి ఐదు నుంచి పది పాళ్లు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. కానీ అది తగ్గలేదని నడక మానేస్తే వస్తున్న లాభాన్ని చేజేతులా పారబోసుకున్నట్టే.

నీలాంటి పిల్లల మీద మన దగ్గరే ఒక పరిశోధన జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు 460 మందిని పరీక్షిస్తే నూటికి తొమ్మిది మందికి పైగా పీసీఓఎస్ ఉన్నట్టు తేలింది, ఆ లెక్క 2011లో అచ్చయింది. బెంగళూరు వివేకానంద యోగ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ జబ్బున్న 90 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ గంట యోగా, ఇంకో జట్టుకు రోజూ గంట మామూలు వ్యాయామం, 12 వారాలు. 2013లో ఫలితాలు వచ్చాయి. యోగా జట్టులో టెస్టోస్టిరాన్ ఎక్కువగా తగ్గింది, నెలసరి బాగా మెరుగైంది. బరువులో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. చూశావా, లోపల హార్మోన్లు మారుతున్నాయి, కాటాకు ఆ సంగతి తెలియదు.

దాన్ని పట్టుకుని యోగా ఒక్కటే మందు అని నేను అనను. అది చిన్న పరిశోధన. జీవితమంతా గ్రౌండ్‌లో గడిపిన మనిషిగా నాకు అందులో కనిపించింది ఇంకోటి. రోజూ ఒకే టైం, పక్కన తోటిపిల్లలు, ఇవాళ రాలేదేం అని అడిగే మనిషి. హాస్టల్ పిల్లలు కాబట్టి అది కుదిరింది. నువ్వూ హాస్టల్ పిల్లవే. మీ ఫ్లోర్‌లో ముప్పై మంది ఉన్నారన్నావు. నూటికి తొమ్మిది లెక్కన చూసినా ముప్పైలో నువ్వు ఒక్కదానివే అయి ఉండవు. ఎవరూ బయటికి చెప్పుకోరు. నువ్వు ముందు చెప్పు, రెండో గొంతు తనే వస్తుంది.

ఎంత చేయాలి అన్నదానికి లెక్క ఉంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపించగా దేశదేశాల డాక్టర్లు కలిసి 2023లో పీసీఓఎస్‌కు మార్గదర్శకాలు ఇచ్చారు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, లేదంటే 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం. దాంతో పాటు వారంలో రెండు రోజులు, వెంటవెంటనే కాకుండా, కండరాలకు బలమిచ్చే పని. బరువు కూడా కొంత తగ్గాలంటే మోస్తరు వ్యాయామం 250 నిమిషాలకు తగ్గకూడదు. నువ్వు రోజుకు ఇరవై నిమిషాలు నడిచానన్నావు. ఏడు రోజులూ నడిచినా 140. అదీ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రీల్స్ చూస్తూ. పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడ కేబీ కాంప్లెక్స్ రోడ్డు మీద నాతో నడిచావు కదా, అప్పుడే చూశాను. అరవై మూడేళ్ల నేను ముందుండి, ఇరవై ఏళ్ల నువ్వు వెనకున్నావు. నిన్ను చిన్నబుచ్చడానికి అనడం లేదు బిడ్డా. నీ ఒళ్లు మొండికేసిందని నువ్వు అనుకుంటున్నావు, అది మొండికేయలేదు, నువ్వు దాన్ని ఇంకా సరిగా అడగలేదు.

మోస్తరు అంటే ఎంతో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. బతుకమ్మ ఆడేటప్పుడు గుర్తు తెచ్చుకో. మొదట నెమ్మదిగా తిరుగుతూ వంగి చప్పట్లు కొడుతున్నంతసేపూ పాట హాయిగా సాగుతుంది. అది తేలిక. డప్పు జోరందుకుని, అడుగు వేగం పెరిగి, కోలాటం కర్రలు పట్టుకున్నాక పాట తెగుతుంది. పక్కదానితో మాట్లాడగలవు గానీ చరణం పాడలేవు. అదే మోస్తరు. రెండు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి వ్యాయామం. నడుస్తూ పాట పాడి చూసుకో. సాఫీగా పాడగలిగితే అడుగు పెంచు.

ఏ వ్యాయామం మంచిది అని అడుగుతావు. ఫలానాదే గొప్పదని ఆ డాక్టర్లూ తేల్చలేదు. నువ్వు మానకుండా చేయగలిగేదే నీకు మంచిది. హాస్టల్ గేటు ఆరింటికి మూసేస్తారు, బయట కుక్కలు, పోకిరీలు, అన్నీ నిజమే. డాబా ఉంది కదా. ఈ పార్సిల్‌లో స్కిప్పింగ్ తాడు పెట్టాను. మొదటి వారం ముప్పై ఎగురుళ్లు, ఒక నిమిషం విశ్రాంతి, అలా ఐదుసార్లు చాలు. మోకాళ్లు నొస్తే తాడు పక్కన పెట్టి మెట్లు ఎక్కు. మూడంతస్తులు ఉన్నాయి, అంతకన్నా ఏం కావాలి.

బలానికి జిమ్ము అక్కర్లేదు. బస్కీలు తియ్యి. చిన్నప్పుడు బడిలో శిక్షగా తీయించిన గుంజీలే, ఇప్పుడు చెవులు వదిలెయ్. కాళ్లు భుజాల వెడల్పు పెట్టి, వెనక కుర్చీ ఉన్నట్టు కూర్చుని, మడమలు లేపకుండా లేవాలి. తొడలు, పిరుదులవి ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు, చక్కెర ఎక్కువ పట్టేవీ అవే. పది చొప్పున మూడుసార్లు. తర్వాత గోడకు చేతులానించి దండీలు. అవి తేలికైతే మంచం అంచు మీద, ఆ తర్వాత నేల మీద. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తు. బరువులెత్తితే మగాడి ఒళ్లు వస్తుందని మీ రూమ్‌మేట్ భయపెట్టిందట. ఈ జబ్బులో పెరిగే ఆ కాస్త హార్మోనుతో అలాంటి కండలు రావు. చిన్నప్పటి నుంచి బావి నుంచి నిండు బిందెలు మోసిన మా అమ్మ ఏమైనా పహిల్వాన్ అయిందా?

రాత్రి అన్నం తిన్నాక మంచమెక్కకుండా వరండాలో పదిహేను నిమిషాలు నడువు. అన్నం తర్వాత పెరిగే చక్కెరను అది దించుతుంది. పగలు గంటల తరబడి కూర్చుని చదివేటప్పుడు మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యి. ఇంకో నియమం పెట్టుకో. ఒక రోజు మానితే ఫర్వాలేదు, వరుసగా రెండు రోజులు మానకు. ఎందుకో పైన చెప్పాను, ఆ గుణం ఒంట్లో ఉండేది ఒకటి రెండు రోజులే. డేట్ వచ్చినప్పుడు నొప్పి లేకపోతే నడవచ్చు, నొప్పుంటే పడుకో, దానికి తప్పు చేసినట్టు బాధపడకు. ఎండాకాలం కరీంనగర్‌లో పొద్దున ఏడు దాటాక డాబా ఎక్కవద్దు.

మీ అమ్మ నాతో ఏమందో తెలుసా? "మా కాలంల గీ రోగాలు యాడియి అక్కా, పొద్దుందాక పత్తి ఏరేటోళ్లం" అంది. ఒళ్లు వంచి పనిచేసిన మాట నిజమే, అది మేలు చేసిన మాటా నిజమే. ఇప్పుడు కూడా మా ఇంటి ముందు నుంచి పొద్దున్నే ఆడవాళ్లు నడుముకు గుడ్డ కట్టుకుని పత్తి చేలకు పోతున్నారు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్ల కోసం కేస్లాపూర్ నుంచి రోజుల తరబడి కాలినడకన పోయి వస్తారు. నడక ఈ నేలకు కొత్త కాదు. కానీ జబ్బు అప్పుడు లేదనడం మాత్రం సరికాదు. నెలలు తప్పిన ఆడదాన్ని ఆ రోజుల్లో ఎవరు పరీక్ష చేశారు? గొడ్రాలు అన్నారు, దిష్టి తగిలింది అన్నారు. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి 10 నుంచి 13 మందికి ఈ జబ్బు ఉందని, వాళ్లలో 70 శాతం దాకా తమకు ఉన్న సంగతే తెలియదని ఇవాళ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక మా కాలం సంగతి చెప్పేదేముంది.

పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని మీ మేనత్త అన్నదని ఏడ్చావు. సర్దుకోదు. మీ నాన్నతో ఆ మాట నేనే మాట్లాడతాను, నీ చదువు పూర్తయ్యేదాకా ఆ ప్రస్తావన ఇంట్లో రాకుండా చూసే పూచీ నాది. పిల్లలు పుట్టరన్న మాట కూడా అబద్ధం. కొందరికి ఆలస్యమవుతుంది, కొందరికి మందుల సాయం కావాలి, చాలామంది తల్లులవుతున్నారు. అయినా నువ్వు నడవాల్సింది రేపెప్పుడో పుట్టబోయే పిల్లల కోసమని నేను అనుకోను. ఈ జబ్బున్నవాళ్లకు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ, బీపీ, గుండె సంగతీ చూసుకోవాలి. దిగులు కూడా ఎక్కువే. నీకు ఊరికే ఏడుపు రావడం నీ బలహీనత కాదు, అదీ డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. సిగ్గుపడకుండా చెప్పు.

వ్యాయామం చేస్తున్నాను కదా అని మాత్రలు నీ అంతట నువ్వు ఆపవద్దు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు. మూడు నెలలు దాటినా డేట్ రాకపోతే, లేదా వచ్చి రోజుల తరబడి ఆగకుండా పోతుంటే, నడిస్తే అదే సర్దుకుంటుందని కూర్చోకుండా వెంటనే చూపించుకో. గర్భసంచి లోపలి పొర అలా పేరుకుపోతే ముందుముందు ప్రమాదం. ఇంకోటి, తాడాట గట్టిగా మొదలుపెట్టే ముందు రక్తం ఎంతుందో పరీక్ష చేయించు. మన వైపు ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ, రక్తం తక్కువున్న పిల్లను పరుగెత్తిస్తే కళ్లు తిరిగి పడిపోవడం నేను గ్రౌండ్‌లో చాలాసార్లు చూశాను.

తిండి గురించి ఈసారి రాయను, అదో పెద్ద పురాణం. ఇప్పపువ్వు లడ్డూలు ఆరు పెట్టాను, ఉట్నూర్‌లో మన ఆదివాసీ ఆడవాళ్లు చేసినవి. బెల్లం ఉంటుంది కాబట్టి రోజుకు ఒకటి, మిగతావి ఆ ముప్పై మందిలో ఎవరికైనా పెట్టు.

పార్సిల్‌లో గీతల నోటుబుక్ కూడా ఉంది. ఒక పేజీలో డేట్ వచ్చిన రోజు, పోయిన రోజు రాయి. ఎదురు పేజీలో ఎన్ని నిమిషాలు నడిచావో, ఎన్ని బస్కీలు తీశావో, మూడో అంతస్తు ఎక్కేసరికి ఎంత ఆయాసం వచ్చిందో రాయి. బరువుకు అందులో గడి గీయలేదు. మూడు నెలలకోసారి ఆస్పత్రిలో వాళ్లు చూస్తే చాలు. మీ రూములో ఉన్న కాటాను మంచం కిందికి తోసెయ్. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా, ఇద్దరం కలిసి చూద్దాం. డాక్టరమ్మకు కూడా అదే చూపించు, నోటితో చెప్పేదానికన్నా ఆమెకు అది ఎక్కువ పనికొస్తుంది.

ఆదివారం పొద్దున ఆరుంబావుకు ఫోన్ చేస్తాను. నువ్వు ఎత్తేసరికి డాబా మీద ఉండాలి. రెండు మాటలు మాట్లాడగలగాలి, పాట పాడమంటే పాడలేకపోవాలి.

నీ పెద్దమ్మ